పిడుగుమబ్బులో నలభై నిమిషాలు

1959 జులై 26, సాయంత్రం ఆరు కావస్తోంది. అమెరికా తూర్పు తీరంలో, వర్జీనియా రాష్ట్రం నార్‌ఫోక్ పరిసరాల్లో, 47 వేల అడుగుల ఎత్తులో పోతున్న ఎఫ్-8 క్రూసేడర్ యుద్ధవిమానంలో ముందు దబ్బుమని ఒక చప్పుడు, వెనకే గరగరమని మోత. మంట హెచ్చరిక దీపం వెలిగింది. ఇంజన్ వేగం చూపించే ముల్లు సున్నాకు పడిపోయింది. నడుపుతున్న లెఫ్టినెంట్ కర్నల్ విలియం రాంకిన్ అత్యవసర విద్యుత్తు కోసం మీట లాగారు. మీట ఊడి చేతిలోకి వచ్చింది.

రాంకిన్ అమెరికా మెరైన్ దళం మనిషి. రెండో ప్రపంచ యుద్ధాన్నీ, కొరియా యుద్ధాన్నీ చూసినవారు. ఆ రోజు మసాచుసెట్స్ నుంచి దక్షిణ కరోలినాలోని బ్యూఫర్ట్‌కు మరో విమానం తోడుగా బయల్దేరారు. దారిలో పెద్ద ఉరుముల మబ్బు అడ్డొచ్చింది. దాని తల దాదాపు 45 వేల అడుగుల ఎత్తున ఉంది. పైనుంచి దాటిపోదామనే అంత ఎత్తుకు ఎక్కారు. ఇప్పుడు ఇంజన్ లేదు, విమానం మాట వినదు, మబ్బు సరిగ్గా కాళ్ల కింద ఉంది. ఒంటి మీద వేసవి దుస్తులు, హెల్మెట్, ఆక్సిజన్ మాస్కు, చేతి తొడుగులు. అంతే. గాలి ఒత్తిడి పడిపోయినప్పుడు ఒంటిని బిగించి కాపాడే ప్రత్యేక సూటు లేదు. బయట మైనస్ 50 డిగ్రీల చలి. ఇక చేసేదేమీ లేక తలపైనున్న పిడి పట్టి లాగారు. సీటుతో సహా ఆయన బయటికి విసిరేసినట్టు పడ్డారు.

నేల మీద పడ్డాక చేతిగడియారం చూసుకుంటే 6.40 అయింది.

మామూలుగా అయితే ఎంతసేపు పట్టాలి? లెక్క కట్టడం కష్టమేమీ కాదు. పారాచూట్ విచ్చుకోనంతసేపు, పైనున్న పలచటి గాలిలో మనిషి సెకనుకు 70, 80 మీటర్ల వేగంతో పడతాడు. ఆయన పారాచూట్ 10 వేల అడుగుల దగ్గర దానంతటదే తెరుచుకునేలా అమర్చి ఉంది. అక్కడిదాకా రెండున్నర, మూడు నిమిషాలు. అక్కణ్నుంచి సెకనుకు అయిదారు మీటర్ల చొప్పున దిగితే మరో తొమ్మిది నిమిషాలు. మొత్తం మీద పన్నెండు నిమిషాలకు కాళ్లు నేలకు తగలాలి. పట్టింది నలభై. మిగతా అరగంట ఆయన ఎక్కడున్నారు? ఉన్నచోట ఎలా బతికారు?

ఈ కథ చెప్పేవాళ్లు చాలామంది ఇక్కడికొచ్చి ఆగిపోతారు. ఏదో అదృశ్య హస్తం కాపాడిందంటారు, వినేవాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది, కథ ముగుస్తుంది. ఎవరి నమ్మకం వాళ్లది, దాని జోలికి నేను పోను. కానీ ఆ నలభై నిమిషాల్లో చాలాభాగం లెక్కకు అందేదే. అందని భాగం ఏదో తెలియాలన్నా ముందు అందేదాన్ని చూడాలి కదా.

ముందు ఆ మబ్బు సంగతి. ఎండకు నేల వేడెక్కుతుంది, నేలనంటుకున్న తేమగాలి తేలికై పైకి లేస్తుంది. పైకి పోయేకొద్దీ చల్లబడుతుంది. ఒక దశలో అందులోని ఆవిరి సన్నటి నీటిబొట్లుగా మారుతుంది. మనకు మబ్బుగా కనిపించేది అదే. అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆవిరి నీరుగా మారేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది. కిలో ఆవిరి నీరైతే సుమారు 2,500 కిలోజౌళ్ల వేడి బయటికొస్తుంది. గదిలో ఉన్న ఏడు లీటర్ల నీళ్లను మరుగు దాకా తేవడానికి ఆ వేడి చాలు. దాంతో చుట్టూ ఉన్న గాలి ఇంకా తేలికై ఇంకా పైకి ఎగుస్తుంది, మరింత తేమను లాక్కెళుతుంది, మరింత ఆవిరి నీరవుతుంది. ఒక్క పెద్ద మబ్బులో ఇలా లక్షల టన్నుల నీరు పైకి పోతుంది. అంటే ఆ మబ్బు తన ఇంధనాన్ని తనే మండించుకుంటూ పెరుగుతుందన్నమాట. మామూలు ఉరుముల మబ్బులో పైకెగసే గాలి వేగం సెకనుకు పది మీటర్ల దాకా ఉంటుంది. గట్టి మబ్బుల్లో ముప్ఫై దాటుతుంది, మరీ భీకరమైన వాటిలో యాభైకి చేరుతుంది.

ఇప్పుడు ఈ అంకెలను ఇందాకటి అంకెల పక్కన పెట్టి చూడండి. పారాచూట్ లేకుండా పడుతున్న మనిషి వేగం సెకనుకు 70 మీటర్లు. పైకెగసే గాలి ఎంత బలంగా ఉన్నా అతను కిందికే వస్తాడు, కాస్త ఆలస్యంగా వస్తాడంతే. పారాచూట్ విచ్చుకున్న మనిషి దిగే వేగం అయిదారు మీటర్లే. పది మీటర్ల గాలి కింద నుంచి తగిలితే అతను దిగడు, ఎక్కుతాడు. కళ్లంలో వడ్లు తూర్పారబట్టడం చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. చేట ఎత్తి వదిలితే గట్టిగింజ నేరుగా కాళ్ల దగ్గర పడుతుంది, తాలు గాలితో పోతుంది. పారాచూట్ విచ్చుకోనంతసేపు రాంకిన్ గింజ. విచ్చుకున్న క్షణం నుంచి తాలు.

విచ్చుకున్నప్పుడు ఆయన మబ్బు కడుపులోనే ఉన్నారు. అసలు పారాచూట్‌ను 10 వేల అడుగుల దాకా తెరుచుకోకుండా ఆపడం వెనక మంచి ఆలోచనే ఉంది. అంతకు పైన ఊపిరికి చాలినంత గాలి ఉండదు, చలి చంపేస్తుంది. కాబట్టి ఆ పొరలన్నీ వీలైనంత త్వరగా దాటేసి, మనిషి బతకగల ఎత్తుకు వచ్చాకే తెరుచుకోవాలి. పైలట్ స్పృహ తప్పినా సరే, గాలి ఒత్తిడిని బట్టి అది పని చేస్తుంది. నిర్మలాకాశంలో ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. పదివేల అడుగుల దగ్గర కూడా ఇంకా మబ్బే ఉంటే ఏం చేయాలన్నది మాత్రం ఆ పరికరానికి తెలియదు. రాంకిన్‌ను చావు నుంచి కాపాడిందీ, మబ్బులో బందీగా పట్టి ఉంచిందీ ఆ పారాచూటే. ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది ఇదే.

తర్వాత జరిగింది ఆయనే పుస్తకంగా రాశారు. గాలి విసిరికొట్టింది, పైకి లేపింది, ఉన్నట్టుండి వదిలేసింది, మళ్లీ లేపింది. కడుపులో ఉన్నదంతా వాంతైంది. వడగళ్లు రాళ్లలా తగిలి ఒళ్లంతా కందిపోయింది. ఒకసారి గాలి ఆయన్ను పారాచూట్ మీదికే ఎగరేస్తే తడిసిన గుడ్డ ఒంటికి చుట్టుకుంది. అది అలాగే ఉండిపోతే కథ అక్కడితో ముగిసేది. జారి మళ్లీ తెరుచుకుంది. మెరుపులు సన్నటి గీతల్లా కాక, అడుగుల కొద్దీ మందం ఉన్న నీలి కత్తుల్లా కనిపించాయట. ఉరుము చెవికి వినపడటం కాదు, ఒళ్లంతా అదిరింది. ఒక మెరుపుకు పారాచూట్ అంతా తెల్లగా వెలిగిపోతే, చచ్చిపోయానేమో అనుకున్నారు. ఇంకొక విచిత్రం, వాన ఎంత దట్టంగా ఉందంటే ఊపిరి పీలిస్తే నీళ్లు లోపలికి పోతాయని ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. నేలకు అంత ఎత్తున, ఆకాశంలో, మునిగి చనిపోతానేమోనన్న భయం!

ఇదీ వింతేమీ కాదు. మన నెత్తిన పడే వాన మబ్బు వదిలేసిన నీరు. మబ్బులో ఉన్నది ఇంకా వదలని నీరు. పైకెగసే గాలి బొట్లను కింద పడనివ్వదు, పట్టి ఉంచుతుంది, అవి ఒకదాన్నొకటి కలుపుకుని పెరుగుతాయి. గడ్డకట్టే ఎత్తు దాటినా చాలా నీరు గడ్డకట్టకుండా ద్రవంగానే ఉండిపోతుంది. ఏ చిన్న మంచు రేణువు తగిలినా దానికి అంటుకుని పొరలు పొరలుగా గట్టిపడుతుంది. అలా పెరిగిందే వడగల్లు. నీళ్లు నీళ్లుగానే ఆయన ఊపిరికి అడ్డం పడ్డాయంటే, ఆ అరగంటలో ఎక్కువసేపు ఆయన మరీ పైనున్న మంచు పొరల్లో కాక, గడ్డకట్టే ఎత్తుకు అటూ ఇటూగా తిరుగుతున్నారని ఊహించవచ్చు. ఆయన బతకడానికి అదీ ఒక కారణం అయి ఉండాలి.

శరీరం సంగతికొస్తే, అతి ప్రమాదమైన భాగం మొదటి రెండు మూడు నిమిషాలే. 47 వేల అడుగుల ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంలో ఉన్నదానిలో ఏడో వంతు కూడా ఉండదు. ఒత్తిడి తగ్గితే లోపలి వాయువు వ్యాకోచిస్తుంది. ఆయన పొట్ట ఉబ్బిపోయింది, కళ్లు, చెవులు, ముక్కు, నోటి నుంచి రక్తం వచ్చింది. ఆ ఎత్తులో రక్తం మరిగిపోతుందని కొందరు చెప్తుంటారు, అది తప్పు. ఒంటి వేడికే నీరు మరిగే స్థితి రావాలంటే దాదాపు 63 వేల అడుగులకు పోవాలి. అసలు గండం ఆక్సిజన్. అంత ఎత్తులో అది అందకపోతే పదీ పదిహేను సెకన్లలో మనిషికి బుద్ధి పనిచేయడం మానేస్తుంది. రాంకిన్‌కు సీటుతో పాటు వచ్చిన చిన్న అత్యవసర ఆక్సిజన్ సిలిండర్ ఉంది. గాలి లాగేస్తుంటే మాస్కును చేత్తో ముఖానికి అదిమి పట్టుకున్నారు. ఎడమచేతి తొడుగు ఊడిపోయి ఆ చెయ్యి మొద్దుబారిపోయింది. అయినా స్పృహ పోలేదు. గింజలా వేగంగా పడటం వల్లే ఆ ప్రాణాంతకమైన పొరలు రెండు మూడు నిమిషాల్లో దాటిపోయాయి. పైనే పారాచూట్ విచ్చుకుని ఉంటే ఆ సిలిండర్ ఎంతసేపని ఆదుకుంటుంది?

మరి పిడుగు? గాలిలో వేలాడే మనిషికి నేలతో సంబంధం లేదు కాబట్టి పిడుగు పడదని ఒక వాదన వినిపిస్తుంది. అది సగం నిజం. మెరుపు మబ్బు నుంచి నేలకే కాదు, మబ్బులోపల ఒకచోటు నుంచి మరోచోటికీ పోతుంది. ఆ దారిలో ఉంటే తగిలినట్టే. ఆయన ఆ దారుల పక్కన ఉన్నారు గానీ దారిలో లేరు. దీనికి లెక్క లేదు. ఇక్కడ అదృష్టం అన్న మాట వాడక తప్పదు.

చివరికి మబ్బు ఆయన్ను ఎందుకు వదిలింది? దీనికి జవాబు అప్పటికి పదేళ్ల ముందే ఉంది. 1946, 47 సంవత్సరాల్లో ఫ్లోరిడా, ఒహాయో రాష్ట్రాల్లో హోరేస్ బైయర్స్ అనే వాతావరణ శాస్త్రవేత్త నాయకత్వంలో ఉరుముల మబ్బుల మీద ఒక పెద్ద పరిశోధన జరిగింది. యుద్ధం అయిపోయి ఖాళీగా ఉన్న పి-61 బ్లాక్ విడో విమానాలను ఒకదాని పైన ఒకటిగా అయిదు ఎత్తుల్లో వరసపెట్టి, కావాలనే మబ్బుల్లోకి పంపారు. వాటిని నడిపినవాళ్ల గుండె ధైర్యానికి దణ్ణం పెట్టాలి. తేలిందేమిటంటే, ఉరుముల మబ్బు విడివిడి అరలుగా ఉంటుంది, ఒక్కో అరకు బాల్యం, యౌవనం, వార్ధక్యం ఉంటాయి. మొదట గాలి అంతా పైకే పోతుంది. నడి వయసులో ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి. పడుతున్న వాన తనతో పాటు గాలిని కిందికి ఈడుస్తుంది. కొన్ని బొట్లు దారిలో ఆవిరై ఆ గాలిని ఇంకా చల్లబరుస్తాయి, చల్లటి గాలి బరువెక్కి మరింత వేగంగా దిగుతుంది. చివరికి దిగే గాలి ఎగసే గాలిని కింద నుంచి కోసేస్తుంది, ఇంధనం అందక మబ్బు కరిగిపోతుంది. ఇదంతా చాలా మబ్బు అరల్లో అరగంట నుంచి గంట లోపు అయిపోతుంది. రాంకిన్ మబ్బులో గడిపిన అరగంట ఈ కొలతలో చక్కగా ఇముడుతుంది. ఆయన్ను ఎవరూ విడిపించలేదు. పట్టుకున్న గాలికే కాలం చెల్లింది, లేదా ఆయన దిగే గాలి వైపుకు జారిపోయారు.

మే నెల సాయంత్రం వానకు ముందు ఒక్కసారిగా కొట్టే చల్లటి ఈదురుగాలి మనందరికీ ఎరికే. తలుపులు టపటపా కొట్టుకుంటాయి, ఆరేసిన బట్టలు పక్కింట్లో పడతాయి. అది ఈ దిగే గాలే. నేలకు కొట్టుకుని పక్కలకు విరజిమ్ముతుంది.

రాంకిన్ ఉత్తర కరోలినాలోని రిచ్ స్క్వేర్ అనే చిన్న ఊరి దగ్గర అడవిలో, చెట్లకు పారాచూట్ చిక్కుకుని దిగారు. రోడ్డు దాకా నడిచి చెయ్యి ఊపితే కొన్ని కార్లు ఆగకుండా పోయాయి. రక్తం ఓడుతూ, తడిసి ముద్దయిన మనిషిని చీకట్లో చూసి భయపడి ఉంటారు. చివరికి ఒకరు ఆపారు. అహోస్కీ ఆసుపత్రిలో చేర్చారు. చలికి చర్మం గడ్డకట్టిన గాయాలు, ఒత్తిడి దెబ్బలు, ఒళ్లంతా కమిలిన వాతలు. కోలుకుని మళ్లీ విధుల్లో చేరారు. 2009లో చనిపోయారు.

ఇలాంటిదే మరో సంఘటన చూస్తే తూర్పార సూత్రం ఇంకా బాగా అర్థమవుతుంది. 2007 ఫిబ్రవరి 14న ఆస్ట్రేలియాలోని మానిలా అనే ఊరి దగ్గర పారాగ్లైడింగ్ ప్రపంచ పోటీలకు సాధన జరుగుతోంది. జర్మనీ జట్టు క్రీడాకారిణి ఎవా విష్నియెర్స్కాను రెండు మబ్బులు కలిసిన చోట పైకెగసే గాలి పట్టుకుంది. సెకనుకు సుమారు 20 మీటర్ల వేగంతో పైకి లాక్కెళ్లింది. ఆమె దగ్గరున్న జీపీఎస్ పరికరం నమోదు చేసిన గరిష్ఠ ఎత్తు 9,946 మీటర్లు. ఎవరెస్టు కన్నా కిలోమీటరు పైన, ఆక్సిజన్ లేకుండా. ఆమె నలభై నిమిషాలకు పైగా స్పృహలో లేదు. స్పృహ తప్పి శరీరం పని నెమ్మదించడమే ఆమెను కాపాడి ఉంటుందని వైద్యులు అన్నారు. ఆపైన గ్లైడర్ రెక్క ముడుచుకుపోయింది. మామూలుగా ఎగిరేవాళ్లకు అంతకు మించిన గండం లేదు. కానీ తాలు మళ్లీ గింజ అయింది. ఆమె మబ్బు పట్టులోంచి జారి పడిపోయింది. 6,900 మీటర్ల దగ్గర రెక్క దానంతటదే విచ్చుకుంది, మెలకువ వచ్చింది, బయల్దేరిన చోటికి 60 కిలోమీటర్ల దూరంలో క్షేమంగా దిగింది.

అదే రోజు, అదే గాలివానలో చైనాకు చెందిన హె చుంగ్‌పిన్ అనే క్రీడాకారుడు చనిపోయాడు. పిడుగు తగిలి ఉంటుందన్నారు. ఆమె కథ ప్రపంచమంతా తెలుసు, అతని పేరు ఎందరికి తెలుసు? మబ్బు నుంచి తిరిగొచ్చినవాళ్లే పుస్తకాలు రాస్తారు, టీవీల్లో మాట్లాడతారు. తిరిగిరాని వాళ్లను పక్కన పెట్టి, వచ్చినవాళ్లను మాత్రమే లెక్కిస్తే ప్రతి రక్షణా అద్భుతంగానే కనిపిస్తుంది.

మబ్బు అందరినీ తిరిగి రానివ్వదన్న సంగతి తెలుగువాళ్లకు వేరెవరూ చెప్పాల్సిన పని లేదు. 2009 సెప్టెంబరు 2 ఉదయం అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రయాణిస్తున్న బెల్ 430 హెలికాప్టర్ బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకు బయల్దేరి నల్లమల మీద మాయమైంది. మర్నాడు పావురాలగుట్ట మీద శకలాలు కనిపించాయి. అయిదుగురూ చనిపోయారు. ఆ రెండు రోజుల్లో టీవీ ఉన్న ప్రతి ఇంట్లో ఉరుముల మబ్బుకు శాస్త్రం పెట్టిన పేరు, క్యుములోనింబస్, వినిపించింది. హెలికాప్టర్ బలమైన దిగుగాలిలో చిక్కి, అదుపు తప్పి, అతి వేగంగా నేలను ఢీకొందని విచారణ సంఘం తేల్చింది. రాంకిన్‌ను వదిలేసిన గాలి, ఈ హెలికాప్టర్‌ను అడవిలోకి తొక్కేసిన గాలి ఒకే జాతివి. 45 వేల అడుగుల మబ్బు కింద పారాచూట్‌కు అది విడుదల, కొండల మీద తక్కువ ఎత్తులో పోయే హెలికాప్టర్‌కు అదే మృత్యువు.

ఇవాళ పైలట్లకు మబ్బును ముందే చూపించే కళ్లున్నాయి. ప్రయాణికుల విమానాల ముక్కులో రాడార్ ఉంటుంది. నేల మీద హైదరాబాద్, విశాఖపట్నం, మచిలీపట్నం, శ్రీహరికోటల్లో డాప్లర్ రాడార్లున్నాయి. తీవ్రమైన ఉరుముల మబ్బుకు కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు ఎడంగా పొమ్మని పైలట్లకు నేర్పుతారు. పైనుంచి దాటేద్దామన్న రాంకిన్ ఆలోచన మన దగ్గర అసలు పనికిరాదు. మామూలు ప్రయాణికుల విమానాలు 40 వేల అడుగుల దగ్గరే ఆగిపోతాయి. మన వేసవి మబ్బుల్లో 50 వేల అడుగులు దాటేవి ఉంటాయి. చుట్టూ తిరిగి పోవాల్సిందే.

తిరిగి పోయే దారి లేకపోతే? 2025 మే 21న ఢిల్లీ నుంచి శ్రీనగర్‌కు 220 మందికి పైగా ప్రయాణికులతో వెళ్తున్న ఇండిగో విమానానికి 36 వేల అడుగుల ఎత్తులో ఎదురైంది ఈ ప్రశ్నే. పైలట్లు ఎడమకు తిరుగుతామన్నారు, అనుమతి రాలేదు. పాకిస్థాన్ గగనతలంలోకి కాసేపు రానివ్వమని లాహోర్‌ను అడిగారు, వాళ్లూ కాదన్నారు. వెనక్కి తిరుగుదామనుకునేసరికి మబ్బు దగ్గరికొచ్చేసింది. అలాంటప్పుడు లోపల మలుపు తిప్పితే మబ్బులో ఉండే సమయం పెరుగుతుంది, కాబట్టి అతి తక్కువ దూరంలో బయటపడే దారిన నేరుగా పోయారు. వడగళ్లు కొట్టాయి, ఆటోపైలట్ ఆగిపోయింది, ఒక దశలో విమానం నిమిషానికి 8,500 అడుగుల వేగంతో కిందికి జారింది. సెకనుకు 43 మీటర్లు! చేతితో నడుపుతూనే మబ్బు దాటించి శ్రీనగర్‌లో దించారు. విమానం ముక్కు చితికిపోయింది గానీ లోపలున్న ఎవరికీ గాయాలు కాలేదు.